ఒక్కపొద్దు... ఐదు గుట్టలు

"ఎందుకుర్కుతున్నవ్ బిడ్డా? బస్సు పోయిందా?"

మాధవనగర్ దాటాక, టీ కొట్టు బల్ల మీద కూర్చుని వేపపుల్ల నములుతున్న ఓ పెద్దాయన అడిగాడు. ఉదయం ఎనిమిదింబావు. అప్పటికి నాలుగు గంటలకు పైగా రోడ్డు మీదే ఉన్నాను. రెండు గుట్టలు ఎక్కి దిగాను. ఇంకా మూడు మిగిలాయి. ఈ సంగతంతా విప్పి చెబితే ఆయన ముఖం ఎలా మారుతుందో తలచుకుని, "ఆ తాతా, పోయింది" అనేశాను.

"ఇంకోటొస్తది తియ్. గింత దానికి గుండె పగలగొట్టుకుంటవా?" అన్నాడాయన.

నా వెనకే బైకు మీద నింపాదిగా వస్తున్న తమ్ముడు పడీపడీ నవ్వాడు.

నిజానికి నేను పట్టుకోవాలనుకున్నది బస్సును కాదు, ఒక రికార్డును. ఇందల్వాయిలో మా ఇంటి వెనక గుట్ట, డిచ్‌పల్లి రామాలయం గుట్ట, నిజామాబాద్ ఖిల్లా, ఆర్మూరు సిద్దులగుట్ట, భీమగల్ దగ్గరి లింబాద్రి గుట్ట. ఈ ఐదింటినీ ఒక్క రోజులో కాలినడకన... కాదు, కాలిపరుగున ఎక్కి దిగాలి. దారి మొత్తం డెబ్బై అయిదు కిలోమీటర్లకు అటూ ఇటూ. ఇంతకుముందు ఎవరైనా చేశారా అంటే, నేను వినలేదు. చేయాలని ఎవరికీ బుద్ధి పుట్టి ఉండదు మరి! పోటీయే లేని చోట రికార్డు కొట్టడం సులువే కదా అనుకునేవాళ్లు మిగతాది కూడా చదవాలి.

ఈ పిచ్చి నాకు ఆఫీసులో అంటుకుంది. వేరే కథనం కోసం ఏదో వెతుకుతుంటే బాబ్ గ్రాహం అనే పేరు కనిపించింది. ఇంగ్లాండులో లేక్ డిస్ట్రిక్ట్ అని కొండలూ సరస్సులూ కలిసిన ప్రాంతం ఉంది. అక్కడ కెస్విక్ అనే చిన్న పట్నంలో ఆయన అతిథిగృహం నడుపుకునేవాడు. 1932 జూన్‌లో ఊరి నడిబొడ్డున ఉన్న మూట్ హాలు ముందు నుంచి బయల్దేరి, 42 శిఖరాలు ఎక్కి దిగి, 23 గంటల 39 నిమిషాల్లో మళ్లీ అక్కడికే వచ్చి నిలబడ్డాడు. సుమారు 106 కిలోమీటర్లు. ఎక్కిన ఎత్తులన్నీ కలిపితే 8,200 మీటర్ల దాకా తేలుతుంది. ఎవరెస్టు ఎత్తుకు ఓ ఆరేడు వందల మీటర్లే తక్కువ. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది. కాళ్లకు టెన్నిస్ బూట్లు, ఒంటి మీద పైజామా చొక్కా. దారిలో తిన్నది వెన్న రాసిన రొట్టె, ఉడికీ ఉడకని గుడ్డు, పళ్లు, మిఠాయి బిళ్లలు. ఆ తర్వాత 28 ఏళ్ల దాకా ఆ చుట్టును అంత సమయంలో మళ్లీ చుట్టి వచ్చినవాడే లేడు.

ఇప్పుడైతే దానికో క్లబ్బే ఉంది. 24 గంటల్లోపు ఆ 42 శిఖరాలూ పూర్తిచేసినవాళ్లకే అందులో సభ్యత్వం. రెండు వేల మందికి పైగా చేరారు. 1982లో బిల్లీ బ్లాండ్ అనే ఆయన 13 గంటల 53 నిమిషాల్లో ముగించి అందరి నోళ్లూ మూయించాడు. ఆ లెక్క 36 ఏళ్లు కదల్లేదు. 2018లో స్పెయిన్ నుంచి కిలియన్ జోర్నే వచ్చి 12 గంటల 52 నిమిషాలకు దించాడు. మూట్ హాలు దగ్గర నిలబడి అతన్ని పలకరించినవాళ్లలో బ్లాండ్ కూడా ఉన్నాడు! 2022లో జోర్నే సమయాన్నీ ఇంకొకరు దాటేశారు. ఆడవాళ్లలో జాస్మిన్ పారిస్ 2016లో 15 గంటల 24 నిమిషాల్లో, బెత్ పాస్కల్ 2020లో 14 గంటల 34 నిమిషాల్లో ముగించారు.

వీళ్లందరిలోకీ నాకు నచ్చినవాడు జాస్ నేలర్. గొర్రెలు పెంచుకునే రైతు. చిన్నప్పటి నుంచీ నడుము నొప్పి మనిషి. 1975లో ఆయన 24 గంటల్లోపు 72 శిఖరాలు తిరిగొచ్చాడు. అరవయ్యో ఏట 60 శిఖరాలు, డెబ్బయ్యో ఏట 70 శిఖరాలు పరుగెత్తాడు. 2024లో కన్నుమూశాడు. మన గొల్ల కురుమ తాతలు మంద వెంట రోజూ ఎన్ని గుట్టలు ఎక్కి దిగారో ఎవరైనా లెక్కబెట్టి ఉంటేనా అనిపించింది. గడియారం పట్టుకుని వాళ్ల వెంట నడిచినవాడెవడు?

ఆ క్లబ్బు నియమాల్లో ఒకటి నన్ను బాగా పట్టుకుంది. ప్రతి శిఖరం మీదా పరుగెత్తేవాడి పక్కన ఒక సాక్షి ఉండాలి. ఒంటరిగా ఎక్కి వచ్చి "నేను ఎక్కాను" అంటే చెల్లదు.

ఇక నా ఐదు గుట్టల సంగతి. ఆ లెక్క నాది కాదు, అమ్మది.

1998లో నాకు తొమ్మిదేళ్లు. టైఫాయిడ్ వచ్చింది. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. మూడు వారాలు మంచం దిగలేదు. ఒక రాత్రి జ్వరం మరీ ఎక్కువైతే, అమ్మ వాకిట్లోకి వెళ్లి చీకట్లో చేతులు జోడించి మొక్కుకుందట. "పిల్ల లేచి తిరిగితే ఒక్కపొద్దుల ఐదు గుట్టలెక్కుత" అని. ఏ గుట్టలో పేర్లతో సహా చెప్పింది. నేను లేచి తిరిగాను. బడికి పోయాను. ఇంటర్, డిగ్రీ, ఆ తర్వాత జర్నలిజం డిప్లొమా... అన్నీ అయ్యాయి. అమ్మ మాత్రం కూర్చునే ఉంది.

కూర్చోవడమంటే మాటవరసకు కాదు. మా జిల్లా ఊళ్లలో ఆడవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బీడీలు! ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఒక పక్క తంబాకు, వేళ్లకు దారం. రోజుకు వెయ్యి బీడీలు. నాన్న చెరుకు సీజన్‌లో బోధన్ ఫ్యాక్టరీకి లారీ తోలేవాడు. సీజన్ లేని నెలల్లో దొరికిన పని. 2015లో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ నాలుగు నెలలూ పోయాయి. ఇంట్లో ఏడాది పొడుగునా ఆగని పని అమ్మదొక్కటే. ఒక రోజు మానేస్తే వెయ్యి తగ్గుతుంది. వెయ్యి తగ్గితే వారం లెక్క తప్పుతుంది. ఐదు గుట్టలు ఎక్కడానికి రోజు ఎక్కడి నుంచి తెస్తుంది?

వచ్చే దసరాకు, వచ్చే కార్తీకానికి అంటూ వాయిదా పడిన మొక్కు అట్లాగే ఉండిపోయిందని నేను అనుకునేదాన్ని. ముప్ఫై ఏళ్లు కాళ్లు ముడుచుకుని కూర్చున్న మనిషికి మోకాళ్లు ఎలా ఉంటాయి? ఇప్పుడు లేవాలంటే గోడ పట్టుకోవాలి. మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పాడు.

కనుక బాబ్ గ్రాహం గురించి చదివిన రోజే నాకు తట్టింది. రికార్డుకు రికార్డు, మొక్కుకు మొక్కు. ఫోన్ చేసి చెబితే అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఉరికితే మొక్కెట్లయితదే? దేవుడేమన్న పారిపోతున్నడా?" అంది.

ఆర్నెల్లు తయారయ్యాను. హైదరాబాద్‌లో తెల్లవారుజామున గంటన్నర రోడ్డు మీద. నెలకు రెండు ఆదివారాలు ఇందల్వాయిలో మా గుట్ట మీద. ఎక్కడం కష్టమని అందరం అనుకుంటాం గానీ, అసలు దెబ్బంతా దిగడంలో ఉంది. దిగేటప్పుడు అడుగడుగునా తొడ కండరాలు ఒంటి బరువును ఆపుకుంటూ రావాలి. మొదటి నెల ఆదివారం గుట్ట దిగితే బుధవారం దాకా ఆఫీసు మెట్లు వెనక్కి తిరిగి దిగేదాన్ని. సబ్ ఎడిటర్లు ఆ నడక చూసి ఏమేం అనుకున్నారో నాకు తెలుసు.

ఊళ్లో మాత్రం అందరికీ ఒకటే అనుమానం. "పూర్ణలెక్క ఎవరెస్టుకు పోతున్నవా?" మలావత్ పూర్ణది మా వైపు ఊరే, పాకాల. తాడ్వాయి గురుకులంలో చదువుతూ, భువనగిరి బండ మీద మొదలుపెట్టి డార్జిలింగ్, లదాఖ్‌లలో శిక్షణ పొంది, 2014 మే 25న ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. నేపాల్ వైపు నుంచి అంత చిన్నపిల్లలను పోనివ్వరు గనక టిబెట్ వైపు నుంచి వెళ్లారు. ఆ కొండ ఎక్కినవాళ్లలో అంత చిన్న వయసు అమ్మాయి అంతకుముందు లేదు.

నేను వేగం గురించి చదివే మత్తులో ఉండి, పూర్ణ కథను కొంచెం పక్కన పెట్టాను. అందులో గడియారం ఎక్కడుంది? ఆ యాత్ర 52 రోజులు. ఆ తర్వాత 2016లో కిలిమంజారో, తర్వాత ఎల్బ్రస్, 2019లో అకాంకాగువా, కార్‌స్టెంజ్, విన్సన్, చివరికి 2022 జూన్‌లో దెనాలీ. ఏడు ఖండాల ఏడు శిఖరాలకు ఎనిమిదేళ్లు పట్టింది. నాకేమో ఐదు గుట్టలు ఒక్క రోజులో కావాలి!

రోజంటే ఎంత అన్నదీ తేలాలి కదా. బాబ్ గ్రాహం వాళ్లకు 24 గంటలు. మా పత్రికల వాళ్లకు అర్ధరాత్రి తేదీ మారేదాకా. పంచాంగం లెక్కలో సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. తెల్లవారుజామున 4 గంటలకు మొదలుపెట్టి, రాత్రి 12 లోపు లింబాద్రి మీద ఉండాలని నిర్ణయించుకున్నాను. జనవరి, సంక్రాంతికి ముందు శనివారం.

ముందురోజు రాత్రి అమ్మ సకినాలు కాలుస్తూ దారి చెప్పింది. "డిచ్‌పల్లిల మెట్లు నూటా ఐదు. ఎనభై కాడ పక్కకు బండ ఉంటది. దమ్ము పట్టుకో. ఖిల్లా మీదికెల్లి దిగేకాడ చెయ్యి పట్టుకుందామంటే ఏమీ దొర్కది, పైలం. సిద్దులగుట్ట గుహల దూరేటప్పుడు వంగి, ఎడమ భుజం ముందుకు పెట్టు."

"మరి లింబాద్రి?" అన్నాను.

"దాని సంగతి నాకు తెల్వది" అంది.

తెల్లవారి నేను లేచేసరికే అమ్మ తలస్నానం చేసి ఉంది. "ఇయ్యాల ఒక్కపొద్దు" అంది. శనివారాలు ఒక్కపొద్దు ఉండటం ఆమెకు అలవాటే కాబట్టి నేను పట్టించుకోలేదు. నా సంచిలో సకినాలు, బెల్లం ముక్కలు, అరటిపళ్లు, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు. బాబ్ గ్రాహం రొట్టె కన్నా నా సకినాలే మేలు. ఉప్పుంది, నూనె ఉంది, జేబులో పట్టిస్తే చెడిపోవు.

4 గంటలకు ఇల్లు వదిలాం. టార్చి వెలుతురులో టేకాకులు కాళ్ల కింద అప్పడాల్లా విరుగుతున్నాయి. 4.32కు గుట్ట మీద ఉన్నాం. తమ్ముడు పాత డైరీ తీసి సమయం రాసి సంతకం పెట్టాడు. సాక్షి కదా! పై నుంచి చూస్తే 44వ నెంబరు జాతీయ రహదారి మీద లారీల వరస, టోల్‌గేటు దగ్గర పగలులాంటి వెలుతురు. దూరంగా ఏదో గూడ్సు బండి కూత. చలికి ముక్కు కారుతోంది. అయినా అంత హుషారు ఆ రోజు మళ్లీ రాలేదు.

డిచ్‌పల్లి దాకా హైవే పక్కనే పరుగు. ఎదురుగా వచ్చే లారీల గాలికి ఒంటి మీది బట్ట ఎగిరిపోతుందేమో అనిపించేది. వెలుగు రేఖలు వస్తుండగా రామాలయం మెట్లెక్కాను. నలుపు తెలుపు రాతి మీద చెక్కిన ఆ బొమ్మలు చూసే దీన్ని ఇందూరు ఖజురహో అంటారు. కాకతీయుల నాటి గుడి అని చెబుతారు. వందసార్లు బస్సులోంచి చూసిన గుట్టే. ఎనభయ్యో మెట్టు దగ్గర నిజంగానే పక్కన బండ ఉంది. కూర్చోలేదు, గడియారం నడుస్తోంది. ఒక కోతి మాత్రం నా అరటిపండు కోసం కూర్చుని ఉంది. తీసుకుంది.

6.28, రెండో గుట్ట. తమ్ముడి సంతకం.

ఆ తర్వాత తెలంగాణ యూనివర్సిటీ వైపు నుంచి నిజామాబాద్ రోడ్డు, మాధవనగర్, బస్సు పోయిందనుకున్న తాత. 9.25కు ఖిల్లా మీద. ఇక్కడ కాసేపు ఆగాను. రఘునాథాలయానికి వచ్చినవాళ్లు నా వాలకం చూసి దారిచ్చారు. ఈ ఖిల్లాయే ఒకప్పుడు జైలు. నిజాం కాలంలో దాశరథి కృష్ణమాచార్యులను ఇక్కడే ఉంచారు. కాగితం, కలం లేకపోతే ఆయన బొగ్గుతో గోడ మీద పద్యం రాశాడు. వట్టికోట ఆళ్వారుస్వామీ ఆయనతో పాటు ఇక్కడే ఉన్నాడు. కదలడానికి వీల్లేని మనుషులున్న గుట్ట మీద నేను నిమిషాలు లెక్కబెట్టుకుంటూ నిలబడటం కొంచెం సిగ్గనిపించింది. దిగేటప్పుడు కాలు జారింది. చెయ్యి పట్టుకుందామంటే ఏమీ దొరకలేదు. అచ్చం అమ్మ చెప్పినట్టే!

అమ్మకు ఇదంతా ఎలా తెలుసు అని అప్పుడే అనుకోవాల్సింది. అనుకోలేదు. మోచేతికి అంటిన మట్టి దులుపుకుని పరుగందుకున్నాను.

నిజామాబాద్ నుంచి ఆర్మూరు. ఈ దారిలో గుట్ట లేదు, మలుపు లేదు, ఏమీ లేదు. అందుకే ఇదే అన్నిటికన్నా కష్టం. గుట్ట మీద అయితే పైన ఒక చివర కనిపిస్తుంది. ఇక్కడ రోడ్డు, దాని చివర ఇంకా రోడ్డు. మాక్లూర్ దాటేసరికి ఎండ నెత్తికెక్కింది. జనవరి ఎండ అని తేలిగ్గా తీసుకున్నాను. ఐదు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. కాసేపటికి రెండు నిమిషాలు పరుగు, ఐదు నిమిషాలు నడక. అటూ ఇటూ పసుపు చేలు, ఎర్రజొన్న. ఆడమనిషి రోడ్డు మీద పొద్దంతా పరుగెత్తాలంటే ఉండే ఇంకో ఇబ్బందిని కూడా చెప్పాలి. మగవాడికైతే చెట్టు చాలు. నేను పెట్రోలు బంకులు లెక్కబెట్టుకుని నీళ్లు తాగాను. అంటే తాగాల్సిన దాని కన్నా తక్కువే తాగాను. ఆ తప్పు సాయంత్రం బయటపడింది.

అంకాపూర్ దగ్గర నాటుకోడి కూర వాసన. ఆ ఊరి కోడికూర కోసం హైదరాబాద్ నుంచి కార్లేసుకుని వస్తారు. తమ్ముడు "అక్కా, ఐదే నిమిషాలు" అని పోయి అరగంట కూర్చున్నాడు. నేను నీడన కూలబడ్డాను. లేవబోతే తొడలు బిగుసుకుపోయాయి. ఇద్దరు ముసలమ్మలు చేతులు పట్టి లేపారు. "యే ఊరికి మొక్కు బిడ్డా?" అని అడిగారు. పరుగనే అనుమానమే రాలేదు వాళ్లకు.

సిద్దులగుట్ట గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎవరో పిల్లలు ఆడుకుని వదిలేసినట్టు నల్లటి బండల మీద బండలు. ఆర్మూరును పూర్వం నవనాథపురం అనేవారు. ఆ నవనాథుల పేరు మీదే ఈ గుట్ట. వాహనాలకు ఇప్పుడు ఘాట్ రోడ్డుంది, నేను పాత మెట్లదారి పట్టాను. పట్టానంటే నిజంగా పట్టుకునే, రెండు చేతులతో. గుహలోకి వంగి దూరుతుంటే కుడి భుజం బండకు కొట్టుకుంది. ఎడమది ముందు పెట్టాలని అప్పుడు గుర్తొచ్చింది. 4.55, నాలుగో గుట్ట. పై నుంచి చూస్తే పొద్దు దిగుతోంది, కింద ఊరంతా పసుపు రంగు. ఇంకా ఏడు గంటలుంది, మిగిలింది ఇరవై కిలోమీటర్ల చిల్లర. లెక్క ప్రకారం అయిపోయినట్టే.

లెక్క వేరు, కడుపు వేరు. భీమగల్ దారి పట్టిన గంటకు నీళ్లు కూడా లోపల నిలవడం మానేశాయి. బెల్లం పెట్టుకుంటే బయటికొచ్చింది. ఎడమ మడమ మీద పొక్కు పగిలి మేజోడు అతుక్కుపోయింది. తమ్ముడు బైకు లైటు నా ముందు వేసుకుంటూ నడక వేగాన వస్తున్నాడు. ఆ వెలుతురులో నా నీడ నా కన్నా నయంగా నడుస్తోంది. 8 దాటాక రోడ్డు పక్క రాయి మీద కూర్చుని మళ్లీ లేచాను. తర్వాత ఇంకో రాయి. 8.50కి తమ్ముడు బైకు స్టాండు వేసి నా ముందు కూర్చున్నాడు.

"అక్కా, ఇది ఎన్నో వేలు?" అని రెండు వేళ్లు చూపించాడు.

కోపం వచ్చింది. "రెండు" అన్నాను. "మరి ఎందుకేడుస్తున్నవ్?" అన్నాడు. ఏడుస్తున్నట్టు నాకు తెలియదు.

డైరీలో "నాలుగు గుట్టలు. ఆగింది 8.50" అని రాయించి బైకెక్కాను. లింబాద్రి ఇంకా పది పన్నెండు కిలోమీటర్లు. ఆ చలిగాలిలో ఇందల్వాయి దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంటికి వచ్చేసరికి పదిన్నర. అమ్మ గడపలో కూర్చుని ఉంది. వేడినీళ్లు కాచి పెట్టింది. కాళ్లు నీళ్లలో పెట్టుకున్నాక చూస్తే, పొయ్యి మీద అన్నం గిన్నె మూత తీయలేదు. ఒక్కపొద్దు ఉంటే పొద్దు గూకాక తినేస్తుంది ఎప్పుడూ.

"నువ్వు తినలేదా?"

"నువ్వెక్కినంక తిందామనుకున్న."

అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. "నీ మొక్కు తీర్చలేకపోయినమ్మా, నాలుగే అయినయి" అన్నాను.

అమ్మ నా మడమకు పసుపు పెడుతూ, "నా మొక్కు నువ్వెందుకు తీరుస్తవే? నాలుగు నేనెప్పుడో ఎక్కిన" అంది.

నేనూ తమ్ముడూ ముఖాలు చూసుకున్నాం.

మా ఊరి గుట్ట, పుల్లలకు పోయినప్పుడే ఒకసారి. డిచ్‌పల్లి, 2004లో, నా పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం. ఖిల్లా, 2009లో. పీఎఫ్ కాగితాల పని మీద నిజామాబాద్ పోతే మధ్యాహ్నం తర్వాత రమ్మన్నారట. ఆ ఖాళీలో ఎక్కి దిగింది. సిద్దులగుట్ట, 2012లో, ఆర్మూరులో చుట్టాలింట్లో దినాలకు పోయినప్పుడు. తెల్లవారుజామునే ఎక్కి, ఎవరూ లేవకముందు దిగి వచ్చింది. ప్రతిసారీ ఒక్కపొద్దు ఉంది. ప్రతిసారీ ఆ రోజు వెయ్యి బీడీలు ముందు రాత్రే చుట్టి పెట్టింది.

"ఒక్కపొద్దుల ఎక్కుత అన్న. ఒక్కపొద్దులనే ఎక్కిన" అంది.

ఇన్నేళ్లుగా నేను విన్నది ఒక్క రోజులో అని. ఆమె మొక్కింది ఉపవాసంతో అని. ఆ మాటకు రెండర్థాలున్నాయని, భాషతో బతికే ఉద్యోగం చేస్తున్న నాకు తట్టనే లేదు!

"మరి ఎవరికీ చెప్పలేదేంది?"

"చెప్తె మీ నాయిన ఒక రోజు కూలి పాయె అనేటోడు."

"సాక్షి ఎవరు?" అన్నాడు తమ్ముడు, ఊరికే ఆట పట్టించడానికి.

"మెట్లు లెక్కబెట్టుకున్న గద రా. పోయి చూస్కో."

వాడు ఇంకేం మాట్లాడలేదు. డైరీ తీసి, నా సమయాల కింద గీత గీసి, ఆమె చెబుతుంటే నాలుగూ వరసగా రాశాడు. కింద సంతకం పెట్టాడు. తర్వాత ముగ్గురం అన్నం తిన్నాం. పదకొండున్నర అయింది, తేదీ ఇంకా మారలేదు.

ఇద్దరికీ లింబాద్రే మిగిలింది. మోకాళ్ల వల్ల ఆమెకు, మడమ వల్ల నాకు. కార్తీకంలో అక్కడ జాతర. "ఎన్ని నెల్లున్నయ్ రా?" అని అమ్మ అడిగితే తమ్ముడు వేళ్ల మీద లెక్కబెట్టి పది అన్నాడు. డాక్టరు సంగతి నేను గుర్తుచేశాను. మరో డాక్టరును చూపిద్దామంది. ఆ రెండో డాక్టరు మెట్లు మానొద్దు, మెల్లగా అలవాటు చేసుకోండి, గోడ పట్టుకోండి, నొప్పి పెరిగితే ఆపేయండి అన్నాడు. ఆయన చెప్పిన వ్యాయామాలు ఒక కాగితం మీద రాయించుకుని తలగడ కింద పెట్టుకుంది.

మా డాబాకు పద్నాలుగు మెట్లు. ఇప్పుడు పొద్దున్నే ఫోన్ చేసి, "ఇయ్యాల రెండుసార్లు" అంటుంది. పోయిన వారం నుంచి మూడుసార్లు అంటోంది. నిజమేనా అని తమ్ముణ్ని అడిగితే, నన్నడగకు, గోడను చూసుకో అని ఫొటో పంపాడు. వాడి కూతురికి ఏడేళ్లు. నానమ్మ పైకి ఎక్కి దిగిన ప్రతిసారీ మెట్ల పక్క గోడ మీద బొగ్గుతో ఒక గీత గీస్తోంది.